దారం కొరికే పళ్ళు

దండాసి కొట్లో దారాన్ని కత్తెరతో తెంపరు, పళ్ళతో కొరుకుతారు. బర్మాలో, అహ్లోన్ పేట బియ్యం మిల్లులో గోనెసంచులు కుట్టిన అతని తండ్రి పురికొసను కూడా అలాగే కొరికేవాడు. కత్తెర వెతికి, తెంపి, మళ్ళీ కింద పెట్టేలోపల ఒక గుండీ కుట్టెయ్యొచ్చని ఆయన వాదన. మింగళ తౌంగ్‌న్యున్‌లో రైల్వే గోడ పక్క వీధిలో, అచ్చయ్య ఇస్త్రీ బండిని ఆనుకుని ఉన్న ఆ కొట్టు వెడల్పు ఆరడుగులు. అందులో రెండు మిషన్లు. ఒకటి దండాసిది. రెండోది భార్య రాజ్యానిది.

రాజ్యానికి దారం కొరకడం రాదు. ఆమె కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, కింది పళ్ళు పై పళ్ళను దాటి నిలబడేవి. రెండు వరసలూ ఒకదాన్నొకటి తాకకపోతే దారమే కాదు, జామకాయ కూడా తెగదు. ఆమె కాయను చాకుతో చిన్న ముక్కలు కోసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తినేది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మొగుడి ఎదుట కూడా ఆ చెయ్యి తియ్యలేదు. పెళ్ళయిన కొత్తలో దండాసి, "బ్లేడు పెట్టుకుని కుట్టుపని సేసే మనిసిని నిన్నే సూత్తన్నాను" అని నవ్వాడు. ఒక్కసారే నవ్వాడు. ఆమె ఆ మాటను చనిపోయేదాకా దాచుకుంది. 2018లో కిడ్నీలు పాడై మంచం పట్టినప్పుడు మాత్రం బయటపెట్టింది.

"నన్ను నవ్వినావు. సరే. గుంటని నాలాగ వదిలీకు."

గుంట అంటే కూతురు బేబీ. తల్లి దవడే వచ్చింది. అయితే తల్లికంటే కొంచెం నయం. ఎడమవైపు కోరపన్ను దగ్గర పైదీ కిందిదీ అంచులు కలిసేవి. అక్కడ దారం పట్టి, తల పక్కకి విదిలిస్తే తెగేది. తల్లి మిషన్ మీద కూర్చున్న మొదటిరోజే ఆ కిటుకు కనిపెట్టింది.

రాజ్యం పోయిన ఏడాదికి దండాసి కూతుర్ని పెద్దాసుపత్రి పళ్ళ విభాగానికి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరు నలభై ఏళ్ళ బర్మా మనిషి, పేరు లే మార్. బర్మాలో డాక్టరమ్మనీ పంతులమ్మనీ సయామ అనే పిలుస్తారు కనుక వీళ్ళకూ ఆమె సయామ అయింది. ఆమె బేబీ నోట్లోకి చాలాసేపు చూసి, దండాసి వైపు తిరిగి, బాబాయిని పిలిచినట్టు ఊలే అంటూ బర్మీస్‌లో చెప్పింది.

"ఊలే, ఈ అమ్మాయి పళ్ళు దవడ వంకరను దాచడానికి వాటంతటవే ఒరిగిపోయాయి. పైవి ముందుకీ, కిందివి వెనక్కీ. ముందు నేను తీగలు వేసి పళ్ళను నిటారుగా నిలబెడతాను. అప్పుడు అసలు వంకర బయటపడుతుంది. అప్పుడు సర్జన్ కింది దవడ ఎముక కోసి వెనక్కి జరుపుతాడు."

"అంటే ముందు ఇంకా పాడవుతుందా?"

"అవును. దాదాపు రెండేళ్ళు. ఇప్పుడున్న కొరుకుడు కూడా పోతుంది. నమలడం కష్టమవుతుంది."

దండాసికి అర్థమయింది. తన పనే అది. భుజం సరిగ్గా కూర్చోని కోటు వస్తే, పైపైన టాకాలు వేసి సర్దకూడదు. చేతులు విప్పాలి, కాలరు విప్పాలి, పాత దారమంతా పీకెయ్యాలి. అప్పుడు బల్లమీద అది కోటులా ఉండదు. ఆ మాటే చెప్పాడు.

"అదే, అచ్చంగా అదే" అంది సయామ. "ఇంకో సంగతి కూడా ముందే చెబుతాను. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు జావే. మొదట్లో పళ్ళకు ఇప్పటికంటే తక్కువ బలం ఉంటుంది. ఏడాది రెండేళ్ళకు పుంజుకుంటుంది. పుట్టుకతో మంచి దవడ ఉన్నవాళ్ళంత గట్టిగా మాత్రం ఎప్పటికీ కొరకలేదు."

"దారం తెగుతుందా?"

ఆమె నవ్వలేదు. "ముందు పళ్ళతోనే తెగుతుంది" అంది.

అబద్ధం చెప్పే మనిషి కాదని ఆ రోజు దండాసి అనుకున్నాడు. బతుకులో అతను అలా అనుకున్న మనుషులు ఇద్దరే. మొదటి మనిషి రాజ్యం.

తీగలు వేశారు. సయామ చెప్పినట్టే పళ్ళు నిటారుగా నిలబడుతూ వచ్చాయి, నోరు పాడవుతూ వచ్చింది. దండాసి ఆ వంకరను గుండీలతో కొలిచేవాడు. మొదట్లో కింది పళ్ళకీ పై పళ్ళకీ మధ్య ఒక చొక్కా గుండీ పట్టేది. ఏడాదికి కోటు గుండీ పట్టింది. ఏడాదిన్నరకి రెండు కోటు గుండీలు ఒకదానిమీద ఒకటి పెట్టినా దూరాయి. ఎడమ కోరపన్ను దగ్గర దారం తెగడం ఆగిపోయింది. బేబీ తల్లి బ్లేడు తీసి మిషన్ మీద పెట్టుకుంది.

సయామ నెలకోసారి రెండు రంగుల చూయింగ్ గమ్ ఇచ్చి ఇరవైసార్లు నమలమనేది. మంచి దవడయితే రెండు రంగులూ కలిసి ఒకటే రంగవుతుంది. బేబీ ఉమ్మిన గమ్‌లో ఎరుపు చార ఎరుపుగానే, నీలం చార నీలంగానే ఉండేవి. నోటి మొత్తంలో వెనకాల రెండు దంతాలే ఒకదాన్నొకటి తాకుతున్నాయి. అన్నం తినడానికి గంట పట్టేది. వేయించిన బఠాణీల జోలికే పోదు.

"మీ గుంట మా బండి మీద బొగ్గులు సల్లారేదాకా తింటది" అనేవాడు అచ్చయ్య. "నువ్వు గుండీలెట్టి కొలుత్తావు. రేపు కాజాలు కూడా కుట్టీగల్రా బావా."

"నీ నోటికి కుడతాను ముందు."

బేబీ కూడా నవ్వేది. అప్పట్లో చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు. ఆపరేషన్ తేదీ వచ్చింది మరి. 2021 ఫిబ్రవరి 9, మంగళవారం.

ఫిబ్రవరి ఒకటో తేదీన సైన్యం గద్దెనెక్కింది. మూడో తేదీకి ఆసుపత్రుల్లో డాక్టర్లు పని మానేశారు. సైన్యం కింద పనిచెయ్యం అన్నారు. తొమ్మిదో తేదీ పొద్దున్న దండాసి కూతుర్ని తీసుకుని, జావ పోసుకోవడానికి ఫ్లాస్కుతో సహా ఆసుపత్రికి వెళ్ళాడు. గేటు మూసి ఉంది. సయామ గేటు బయటే ఉంది. తెల్లకోటు మీద ఎర్ర రిబ్బను పెట్టుకుని, నిరసనగా మూడువేళ్ళు ఎత్తి నిలబడ్డ గుంపులో ముందు వరసలో ఉంది.

అతన్ని చూసి పక్కకి వచ్చింది. "ఊలే, కొన్నాళ్ళు ఆగండి."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

"రెండు గుండీల సందు ఉంది దీని నోట్లో. అది నువ్వు పెట్టిన సందు."

"నేనే పెట్టాను. నేనే మూస్తాను."

"విప్పిన కోటు బల్లమీద పడేసి పోయిన టైలర్ని నా జన్మలో చూడలేదు. పిచ్చోడైనా అలా చెయ్యడు."

సయామ కళ్ళు దించుకుంది. తిరిగి వరసలోకి వెళ్ళి నిలబడింది. బేబీ తండ్రి చెయ్యి వదిలించుకుని, ఆ వరస చివరకి వెళ్ళి తనూ మూడువేళ్ళు ఎత్తింది. దండాసి ఫ్లాస్కు పట్టుకుని ఒక్కడే ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఏం జరిగిందో అందరికీ తెలుసు. రాత్రి ఎనిమిది కాగానే సైన్యం మీద నిరసనగా ఇంటింటా గిన్నెలు మోగాయి. బేబీ తల్లి ఇడ్లీ పాత్ర తీసి మోగించేది. మార్చిలో తుపాకులు మోగాయి. వీధి మొదట్లో ఇసుకబస్తాలు పేర్చారు, సైనికులు వచ్చి వాటిని తీయించారు. ఫోన్లలో ఇంటర్నెట్ పోయింది. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు లేరు.

బేబీ నోట్లో తీగను బిగించేవాళ్ళు లేరు. ఒకరోజు తీగ కొస ఊడి చెంపలో దిగింది. కొవ్వొత్తి మైనం అద్దుకుని రెండ్రోజులు ఓర్చుకుంది. మూడోరోజు దండాసి హుక్కులు బిగించే పటకారు కడిగి, కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, కొస తుంచాడు. రక్తం, మైనం కలిసి వేళ్ళకి అంటుకున్నాయి.

"ఇది ఆవిడ సేయాల్సిన పని" అన్నాడు.

"ఆవిడ ఎక్కడ పడుకుంటందో ఆవిడికే తెల్దు నాన్నా. వారంట్ ఉంది."

"నన్నడిగి పెట్టించుకుందేటి వారంట్?"

బేబీ లేచి వెళ్ళిపోయింది. అప్పటికి తొమ్మిది కిలోలు తగ్గింది. రవికలు దండాసే రెండుసార్లు లోపలికి కుట్టాడు. కుట్టిన ప్రతిసారీ ఒకే మనిషిని తిట్టుకున్నాడు.

ఏప్రిల్ ఆఖరులో ఒక సాయంత్రం బేబీ ఒక ఆడమనిషిని వెంటబెట్టుకొచ్చింది. తలమీద కూరల బుట్ట, చెంపలకు దట్టంగా బర్మా ఆడవాళ్ళు పూసుకునే థనాకా గంధం పూత. పూత వెనక ఉన్నది సయామ అని దండాసికి ఒక నిమిషానికి గానీ తెలియలేదు.

"మూడు రాత్రులు ఇక్కడ ఉండనివ్వండి, ఊలే" అంది. "లత పేటలో నాలుగు మంచాల క్లినిక్కు ఉంది. మా సర్జన్ అక్కడ దాక్కుని పనిచేస్తున్నాడు. శుక్రవారం బేబీకి ఆపరేషన్ చేస్తానన్నాడు. దానికి ముందు నేను ఒక అచ్చు తయారుచెయ్యాలి. అది లేకపోతే దవడను ఎంత వెనక్కి జరపాలో అతనికి తెలీదు."

దండాసి తల ఊపాడు. కోపం పోలేదు. కానీ శుక్రవారం అనే మాట చెవిలో పడింది.

"ఒక్క సంగతి. గెస్టు లిస్టులో నా పేరు రాయించకండి."

ఆ ఊళ్ళో ఇంట్లో బయటి మనిషి రాత్రి పడుకుంటే వార్డు ఆఫీసుకు వెళ్ళి పేరు రాయించాలి. మధ్యలో కొన్నేళ్ళు ఆ పద్ధతి తీసేశారు. సైన్యం రాగానే ఫిబ్రవరిలో మళ్ళీ పెట్టింది. తీసేసిన ఏళ్ళలో కూడా దండాసి వెళ్ళేవాడు. మండలే నుంచి బావమరిది వచ్చినప్పుడు రాయించబోతే గుమస్తా నవ్వి పంపేశాడు. బర్మావాళ్ళకు అది నవ్వులాట. తెలుగువాళ్ళకు కాదు. మూడు తరాలుగా అక్కడే పుట్టినా దండాసి దగ్గర ఉన్నది పూర్తి పౌరులకిచ్చేది కాదు, వేరే రంగు కార్డు. ఆ కార్డు ఉన్నవాడు చిన్న తప్పు చేసినా పెద్దదిగా కనిపిస్తుంది. 1967లో చిన్నాన్నను ఒక్క రాత్రి ఒక చుట్టాన్ని రాయించకుండా పడుకోబెట్టినందుకు పట్టుకెళ్ళారు. ఏడాదికి వచ్చాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. దండాసి తండ్రి చచ్చిపోతూ చెప్పిన మాట ఆస్తి గురించి కాదు, దేవుడి గురించి కాదు. "ఎవులు పడుకున్నా రాయించీరా."

మొదటి రాత్రి రాయించలేదు. నిద్ర పట్టలేదు.

మర్నాడు సయామ ఇస్త్రీ బల్ల మీద పని మొదలుపెట్టింది. బేబీ పళ్ళ ముద్రలు తీసి, వాటిలో సున్నపు దంతాలు పోసింది. ఆ సున్నపు కింది దవడను రంపపు బ్లేడుతో కోసి వెనక్కి జరిపి, మైనంతో అతికించింది. రెండు వరసల మధ్యా పలచటి ప్లాస్టిక్ ముద్ద పెట్టి నొక్కింది. అది గట్టిపడి, రెండువైపులా పళ్ళ గుంటలున్న చిన్న లాడంలా తయారయింది.

"ఎముక కోశాక సర్జన్ దీన్ని పై పళ్ళకు తొడుగుతాడు" అని బేబీకి చెప్పింది. "కింది పళ్ళు ఈ గుంటల్లో కూర్చునేదాకా దవడను వెనక్కి తెస్తాడు. కూర్చున్నాక స్క్రూలు బిగిస్తాడు."

బేబీ తొడుక్కుంది. పై పళ్ళకు గట్టిగా పట్టింది. కింది పళ్ళు ఇంకా రెండు గుండీల అవతలే ఉన్నాయి. అద్దంలో చూసుకుంటూ నాలికతో ఆ గుంటలు తడుముకుంది. దండాసి గుమ్మంలోంచి చూశాడు. పని మంచిదని చూడగానే తెలిసింది. అంచు ఎక్కడా గరుకు లేదు. ఇంత పనితనం చేతిలో పెట్టుకుని మూడు నెలలు నా బిడ్డని గాలికి వదిలేసిందే అనుకున్నాడు. మెచ్చుకోబోయిన మనసు అక్కడే విరిగింది.

మధ్యాహ్నం సయామ పనిముట్లు కడుగుతుండగా అతను మేకుకు తగిలించిన ఆమె సంచిలో చెయ్యి పెట్టి గుర్తింపు కార్డు తీశాడు. కార్డు లేకుండా ఆఫీసులో రాయరు. భయంతో వెళ్తున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. అందులో నిజం ఉంది. ఎంత నిజం ఉందో వీధి మలుపు దాటేదాకా ఆలోచించలేదు. దాటాక ఆలోచించాల్సిన అవసరం కనిపించలేదు.

వార్డు ఆఫీసులో కొత్తగా వేసిన గుమస్తా పేరు, నంబరు రాసుకున్నాడు. "ఏం పని చేస్తుంది?" అని అడిగాడు. కాగితం మీద అబద్ధం రాయించడం దండాసికి చేతకాదు.

"పళ్ళ డాక్టరు."

గుమస్తా తలెత్తి చూశాడు. నలభై ఏళ్ళుగా ఆ ఆఫీసులో నిలబడే ఉన్న దండాసికి ఆ రోజు కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. ఆ టీ దండాసి తాగాడు.

మర్నాడు గురువారం. పొద్దున్న బేబీ జావ కాస్తోంది. సయామ ఆ అచ్చుకు చివరిసారి అంచు నునుపు చేస్తోంది. ఆరుగురు వచ్చారు. ఇద్దరు సైనికులు, ముగ్గురు పోలీసులు, వెనకాల చేతులు కట్టుకుని గుమస్తా. తలుపు తట్టలేదు. పేరు చదివారు. సరిగ్గా చదివారు, నంబరుతో సహా.

సయామ దండాసి వైపు చూసింది. "రాయించారా, ఊలే?"

"అది పద్ధతి" అన్నాడు.

ఆమె తన చేతిలోది బేబీ చేతిలో పెట్టింది. "దీన్ని ఎండలో పెట్టకు. తీగలు తీయించుకోకు. పళ్ళు కదిలితే ఇది పట్టదు" అంది. అలా చెబుతుండగానే చేతులు వెనక్కి విరిచి కట్టారు. సున్నపు దంతాలను ఒక సైనికుడు సంచిలో వేసుకున్నాడు. సాక్ష్యమన్నాడు. జావ పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆ సాయంత్రమే లత పేటలో క్లినిక్కుకు తాళం పడింది. సర్జన్ ఎటు పోయాడో ఎవరూ చెప్పలేదు. శుక్రవారం వచ్చింది, పోయింది.

బేబీ ఏడవలేదు. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడలేదు. జులైలో కరోనా వీధి వీధినీ ఊడ్చింది. మందులు కావాలని గుర్తుగా గుమ్మాలకు తెల్లగుడ్డలు కట్టారు, ఆక్సిజన్ సిలిండర్ల కోసం వరసలు కట్టారు. దండాసికీ జ్వరం వచ్చింది. పదిహేను రోజులు తలుపు మూసుకుని ఒకే గదిలో ఉన్నారు. కూతురు వేళకి మందు ఇచ్చింది, గంజి ఇచ్చింది, తడిగుడ్డ వేసింది. ఒక్క మాట ఇవ్వలేదు. దగ్గుతూ దగ్గుతూ అతనే అన్నాడు.

"ముందు వదిలింది ఆవిడే."

ఆమె గంజి గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

జ్వరం తగ్గి కొట్టు తెరిచాక అచ్చయ్య బండి అక్కడ లేదు. వీధి అవతలివైపు పెట్టుకున్నాడు. దండాసే దాటి వెళ్ళాడు.

"ఏటి బావా, ఇక్కడికి వచ్చీసినావు?"

"నీడుంది" అన్నాడు అచ్చయ్య. అక్కడ నీడ లేదు. ఇస్త్రీ పెట్టె ఎత్తలేదు, తల ఎత్తలేదు.

"నా పిల్ల నోరురా అది. నాకు బాద ఉండదేటి?"

"నీ పిల్ల నోరే. ఊరోల్లం మా మంచాలు కూడా లెక్కెట్టుకుంతన్నాం. నువ్వొచ్చి ఎన్నున్నాయో రాయించీగల్వు." నవ్వకుండా అన్నాడు.

సెప్టెంబరులో బేబీ అహ్లోన్‌లో సయామ తల్లి ఇంటికి వెళ్ళిపోయింది. ముసలావిడ ఒక్కతే ఉంటోంది. జైలుకి పార్సిలు మోసే మనిషి కావాలి. పదిహేను రోజులకోసారి ఎండుచేప, సబ్బు, మందులు కట్టి ఇస్తే లోపలికి పంపుతారు. వెళ్ళేముందు బట్టలు సర్దుకుంటూ, నాలుగు నెలల తర్వాత నోరు విప్పింది.

"ఇంటి లిస్టులోంచి నా పేరు తీయించీ. ఆ ఇంట్లో రాయించుకోవాల. నీకు ఆపీసు తెల్సు కదా."

"పేరు తీసీమని నన్నడుగుతన్నావేటే?"

"మరి ఎవుల్ని అడగాల? నీకు కుర్సీ ఏత్తారంట."

దండాసి పాత మాటే మళ్ళీ అన్నాడు. "అందరం ఆవిణ్ణి నమ్మినాం. ముందు మోసం సేసింది ఆవిడ."

బేబీ సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. అందులో నీళ్ళు, నీళ్ళలో ఆ ప్లాస్టిక్ లాడం. "లాయరు చేత కబురెట్టింది. లోపల్నించి. ఏటడిగిందో తెల్సా? అన్నం పెడతన్నారా లేదా అని కాదు, బెయిలు కాదు. అచ్చు ఇంకా పట్టతందా అని అడిగింది."

నోరు తెరిచి తొడుక్కుంది. పై పళ్ళకు చటుక్కున పట్టింది. వేలితో లాగినా ఊడలేదు. కింది పళ్ళు ఎప్పటిలాగే ముందుకు నిలబడి ఉన్నాయి. ఆ నోటితోనే, మాట తడబడుతూ అంది.

"ఆవిడ వొదల్లేదు. బల్ల మీద కోటు అలగే ఉంది. బల్ల నువ్వు తన్నీసినావు."

డబ్బా మూసి సంచిలో పెట్టుకుంది. తల్లి బ్లేడు కూడా తీసుకుంది. గుమ్మం దాటాక వెనక్కి చూడలేదు. చూసి ఉంటే తండ్రి నిలబడే ఉన్నాడని తెలిసేది.

మర్నాడు దండాసి వార్డు ఆఫీసుకు వెళ్ళి కూతురి పేరు కొట్టేయించాడు. గుమస్తా కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. నిలబడే వేలిముద్ర వేశాడు.

వచ్చి మిషన్ దగ్గర కూర్చున్నాడు. ఎవరిదో పాత చొక్కా, ఒక గుండీ ఊడింది. కుట్టాడు. దారం నోటికి తీసుకుని కొరికాడు. ఒక్క కొరుక్కే తెగింది.

అతని పళ్ళు ఎప్పుడూ మంచివే.